పాత .22 జేబు పిస్తోలు బేరానికి వచ్చింది, తీసుకోవచ్చా?

కాసులపేరు (ప్రొద్దుటూరు):

అందరికీ నమస్కారం. నేను బంగారం పనివాడిని. ప్రొద్దుటూరులో మా నాన్న పెట్టిన చిన్న కొట్టు నడుపుతున్నాను. పెద్ద దుకాణాలకు చేసిచ్చే పని కొంత ఉంటుంది. జమ్మలమడుగు, మైదుకూరు వైపు తెలిసిన ఇళ్లకు పెళ్లి నగలు చేసి నేనే తీసుకెళ్లి అప్పగించే పని ఇంకొంత. నెలకోసారి ఎర్రగుంట్లలో రైలెక్కి చెన్నై వెళ్లి వస్తాను.

నాన్న కాలం నాటి పన్నెండు బోరు తుపాకీ, రెండు గొట్టాలది, ఇంట్లో ఉంది. ఆయన పోయాక వారసుడిగా నా పేరున లైసెన్సు వచ్చింది. దాన్ని స్కూటరు మీద పెట్టుకుని పెళ్లివారింటికి వెళ్లలేను కదా. పోయిన ఏడాది దరఖాస్తు పెడితే రెండో ఆయుధంగా పిస్తోలు గానీ రివాల్వర్ గానీ కొనుక్కోవడానికి అనుమతి ఇచ్చారు. కొనడానికి ఇంకా నాలుగు నెలల గడువుంది.

ఎందుకు కావాలంటారా? పోయిన నెల జమ్మలమడుగు నుంచి వస్తుంటే రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఇద్దరు బండి మీద నా వెనకే పడ్డారు. నేను నెమ్మదిస్తే వాళ్లూ నెమ్మదించారు. టీ బంకు దగ్గర ఆగితే కాస్త ముందుకెళ్లి ఆగారు. పది నిమిషాల తర్వాత వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోయారు. దొంగలో, దారి తెలియక వెనకే వచ్చినవాళ్లో ఈరోజుకీ చెప్పలేను. ఆ సంచిలో ఇరవై రెండు కాసుల బంగారం ఉంది. ఒక్క కాసు కూడా నాది కాదు.

ఇప్పుడు బేరం సంగతి. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక పెద్దాయన ఉన్నారు. 1970ల్లో విదేశం నుంచి లైసెన్సు మీద తెచ్చుకున్న ఇటలీ పిస్తోలు, బెరెట్టా కంపెనీది, అమ్ముతానంటున్నారు. కాగితాలన్నీ చూపించారు. చేతిలో పెట్టగానే నేను తూకం చెప్పేశాను, ముప్పై అయిదు కాసులు అని. వృత్తి అలవాటు. ఆయన నవ్వి, మూడు వందల గ్రాముల లోపేనన్నారు. చొక్కా జేబులో పడుతుంది. పక్కనున్న చిన్న మీట నొక్కితే గొట్టం వెనక భాగం కుంకుమ భరిణె మూతలా టప్పున పైకి లేస్తుంది. నిజం ఒప్పుకుంటాను, ఆ పనితనం చూసి మనసు పారేసుకున్నాను. రెండు లక్షల డెబ్బై అయిదు వేలు చెబుతున్నారు. ఒక్క రూపాయి తగ్గరట.

మా బావమరిదేమో "పాయింట్ ఇరవై రెండు పిట్టలకు, కొత్త .32 రివాల్వర్ తీసుకో" అంటున్నాడు. (ఈ అంకెలు అంగుళాల్లో తూటా లావు.) వాడు తుపాకీ ముట్టుకున్నది తిరునాళ్లలో బుడగలు కొట్టినప్పుడే. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత క్యాంపు మాస్టారు (అనంతపురం):

కాలేజీలో పాతికేళ్లు ఎన్‌సీసీ చూశాను. పిల్లల చేత .22 రైఫిల్ కాల్పించడమే నా పని. పిస్తోలు వేరు, రైఫిల్ వేరు. కానీ తూటా అదే జాతి కనుక చెబుతాను.

పెద్ద తూటా అడుగు చూస్తే మధ్యలో ఒక చిన్న గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది. పిన్ను దాన్ని కొడుతుంది. .22కి ఆ బిళ్ల ఉండదు. పేలుడు మసాలాను తడిగా లోపల వేసి, తూటాను గిర్రున తిప్పి, అడుగు అంచు మడతలోకి పంపిస్తారు. పిన్ను ఆ అంచును నలిపితే నిప్పు రాజుకుంటుంది. అందుకే దాన్ని రిమ్‌ఫైర్ అంటారు. మసాలా అంచు చుట్టూ ఒకే తీరున పరుచుకోలేదనుకోండి, పిన్ను సరిగ్గా ఖాళీ చోట పడిందనుకోండి, "టిక్" అంటుంది. అంతే.

క్యాంపులో ప్రతి పూటా అలాంటివి ఒకటో రెండో వచ్చేవి. పిల్లవాడు బిక్కమొహం వేసేవాడు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి ముప్పై దాకా లెక్కపెట్టమనేవాళ్లం, ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి కనుక. తర్వాత అధికారి దాన్ని బయటికి తీసి, కాస్త తిప్పి మళ్లీ పెడితే చాలాసార్లు పేలేది. పిన్ను ఈసారి అంచులో వేరే చోట పడుతుంది కదా. అక్కడ మాకు ఎదురుగా ఉన్నది అట్ట బొమ్మ. అది ఎంతసేపైనా ఆగుతుంది.

అలాగని .22ను పిట్టల తూటా అని కొట్టిపారేయకండి. లాంగ్ రైఫిల్ తూటా గురి తప్పితే మైలు దాటి కూడా ప్రమాదమే. మీ బావమరిదికి ఈ మాట చెప్పండి.

ఒక సంగతి అడగాలి. గొట్టం మీద ఏమి చెక్కి ఉంది? .22 అంటే ఒక్కటే రకం కాదు.

నల్లకోటు (కర్నూలు):

పిస్తోలు మంచిచెడ్డలు మాస్టారు చూసుకుంటారు, కాగితం సంగతి నేను చెబుతాను.

వ్యక్తి దగ్గర కొంటున్నారు కనుక, ఫలానా వారికి అమ్ముతున్నానని అమ్మేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడవాలి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది. పెద్దాయన "ముందు డబ్బిచ్చి తీసుకెళ్లు బాబూ, కాగితం తర్వాత చూద్దాం" అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

2019 సవరణతో ఒక మనిషికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. నాన్నగారిది ఒకటి, ఇది రెండోది. అక్కడితో మీ వాటా అయిపోయింది. రేపు ఇది నచ్చకపోతే ముందు దీన్ని వదిలించుకోవాలి.

లైసెన్సులో పరిధి అని ఒక గడి ఉంటుంది, చూడండి. అందులో ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే మీ చెన్నై ప్రయాణానికి ఇది పనికిరాదు. మీ సంచి అన్నిటికన్నా బరువుగా ఉండేది ఆ రైల్లోనే అనుకుంటాను.

ఇక ఎన్నికలు. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, జూన్ 4న ఫలితాలు. అన్నాళ్లూ మీ పన్నెండు బోరు ఎక్కడుందో మీకే తెలుసు.

చివరిగా, ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. దోపిడీకి వచ్చినవాడి మీద ఆ హక్కు చాలా దూరం పోతుంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ అంటుంది. టీ బంకు దగ్గర ఆగిన ఆ ఇద్దరి మీద మీరు పిస్తోలు తీసి ఉంటే, తెల్లారేసరికి నిందితుడి బల్ల మీద కూర్చునేది మీరే.

చీనీతోట (తాడిపత్రి వైపు):

మా నాన్న 1990ల్లో .32 రివాల్వర్ కొన్నారు. అంతవరకు ఆయన పొద్దున్నే ఒక్కరే తోటకు వెళ్లి నీళ్లు కట్టి వచ్చేవారు. కొన్నాక వెంట ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. మాకు శత్రువులున్నారని ఊరికి తెలిసింది అది కొన్న తర్వాతే. సీమలో తుపాకీ అనగానే బయటివాళ్లకు సినిమా గుర్తొస్తుంది. మా ఇంట్లో అది చేసిన ఒకే ఒక్క పని, మా నాన్న కుడివైపు పడుకోకుండా చేయడం. నడుముకు గుచ్చుకునేది.

కాసులపేరు (ప్రొద్దుటూరు):

లాయరు గారూ, లైసెన్సు తీసి చూశాను. పరిధి రాష్ట్రం వరకే. ఇన్నేళ్లలో ఆ గడి ఎప్పుడూ చదవలేదు. ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషనులో పెట్టడమే కాదు, నగదు యాభై వేలు దాటితే దారిలో ఆపి కాగితాలు అడిగేవాళ్లు. మా వ్యాపారానికి ఆ రెండున్నర నెలలు ఏలినాటి శని.

మాస్టారూ, పెద్దాయనకు ఫోను చేసి గొట్టం మీద అక్షరాలు చదివించాను. భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చెప్పారు. బెరెట్టా పేరు, 950 అనే అంకె, తర్వాత ".22 షార్ట్" అని ఉందట. షార్ట్ అంటే పిస్తోలు పొట్టిదనా?

పాత క్యాంపు మాస్టారు (అనంతపురం):

కాదు నాయనా, తూటా పొట్టిది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

.22 షార్ట్ 1857 నాటి తూటా. మనం క్యాంపుల్లో వాడేది, అందరూ .22 అనేది, లాంగ్ రైఫిల్. అది 1887లో వచ్చింది. గుండు తూకం గ్రెయిన్లలో చెబుతారు. షార్ట్ గుండు 29 గ్రెయిన్లు, లాంగ్ రైఫిల్ గుండు మామూలుగా 40. లాంగ్ రైఫిల్ తూటా డొల్ల పొడవు ఎక్కువ. మీ పిస్తోలులో పట్టదు, పట్టించబోకూడదు కూడా. కొనేముందు డీలరు దగ్గరికి వెళ్లి .22 షార్ట్ ఉందా అని అడగండి. "లాంగ్ రైఫిల్ అయితే ఇస్తాను" అన్నారంటే మీ చేతిలో మిగిలేది ముప్పై అయిదు కాసుల ఇనుము.

మీరు చెప్పింది బెరెట్టా 950. .22 షార్ట్‌లో వచ్చినదాన్ని మింక్స్ అన్నారు. అదే పిస్తోలు .25లో జెట్‌ఫైర్ పేరుతో వచ్చింది. దాని తూటాకు పిన్ను అడుగు మధ్యలోనే కొడుతుంది. జేబు పిస్తోళ్లకు .25 అనే కొలత పుట్టిన కారణాల్లో ఇదొకటి.

మీరు భరిణె మూత అన్న ఆ గొట్టం లేవడం అలంకారానికి కాదు. ఈ పిస్తోలులో తూటా డొల్లను పట్టి బయటికి లాగే కొక్కెం లేదు. తూటా పేలితే ఆ ఒత్తిడికే డొల్ల ఎగిరిపోతుంది. పేలకపోతే? వేరే పిస్తోళ్లలో అయితే పైభాగాన్ని వెనక్కి లాగితే పాడు తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. ఇందులో మీట నొక్కి, గొట్టం లేపి, గోటితో తూటా తీసి, మళ్లీ మూసి, అప్పుడు కొత్తది ఎక్కించాలి. రాత్రి ఎనిమిదిన్నరకు, ఒక చేతిలో సంచితో.

ఇంకొకటి. ఈ రకంలో పాతవాటికి బొటనవేలితో వేసే భద్రత మీట ఉండదు. పిన్నును కొట్టే సుత్తిని సగం దాకా లేపి ఆపే గాడి ఒక్కటే ఉంటుంది.

మూడో మెట్టు (కడప):

ఆ చివరి మాట చదివి రాస్తున్నాను. మా పుట్టింట్లో అన్నయ్యకు ఇలాంటి చిన్న పిస్తోలే ఉండేది. చీరల బీరువా పై అరలో, జాకెట్టు గుడ్డల కింద పెట్టేవాడు. ఒక సంక్రాంతికి అందరం చేరాం. మా ఆరేళ్ల వాడు కుర్చీ వేసుకుని ఎక్కి దాన్ని దించాడు. నేను గదిలోకి వచ్చేసరికి మంచం మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూస్తున్నాడు. తూటాలు వేరే చోట ఉన్నాయి కాబట్టి ఈ మాట ఇంత నెమ్మదిగా చెప్పగలుగుతున్నాను. "బొమ్మది కదమ్మా, ఇంత చిన్నది" అన్నాడు.

పెద్ద తుపాకీ చూస్తే పిల్లలు జంకుతారు. దీన్ని చూస్తే జంకరు. అన్నా, మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? ఇనుప పెట్టె లేకుండా మాత్రం దాన్ని గడప దాటించకండి.

కాసులపేరు (ప్రొద్దుటూరు):

ఉన్నారక్కా. కూతురి కొడుకు, నాలుగేళ్లవాడు. కొట్లో కత్తెర, పట్టుకారు దేన్నీ వదలడు.

మొన్న ఆదివారం కర్నూలు వెళ్లి వచ్చాను. వద్దని ఫోనులోనే చెప్పవచ్చు. కానీ పెద్దాయన రెండుసార్లు భోజనం పెట్టారు, మొహం చూసి చెప్పడం మర్యాద అనిపించింది. తూటాలు చూపించమన్నాను. ఫోటో రీలు వచ్చే పాత ప్లాస్టిక్ డబ్బాలో పద్నాలుగు ఉన్నాయి. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒకదాన్ని అరచేతిలో వేసుకున్నాను. మాస్టారు చెప్పిన గుండు లెక్క ఇంట్లోనే గ్రాముల్లోకి మార్చుకున్నాను, రెండు గ్రాములు కూడా లేదు. మా కొట్లో అది ఒక చెవి జూకా తూకం.

ఆఖరుసారి ఎప్పుడు పేల్చారని అడిగాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. అప్పటికి పెద్దమ్మాయి పెళ్లి కాలేదన్నారు. ఆ పెద్దమ్మాయి మనవరాలి ఫోటో గోడ మీదే ఉంది.

విషయం చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "నాకూ ఇది ఎప్పుడూ అవసరం పడలేదు. జేబులో ఉంటే నడక మారేది, అంతే" అన్నారు. తర్వాత ఇంకోసారి మీట నొక్కి గొట్టం లేపి చూపించారు. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. పనితనం మాత్రం పనితనమే, అందులో నా మాట మార్చుకోను.

.32 రివాల్వర్ కూడా ఇప్పుడు కొనడం లేదు. ఆ రెండో వాటా అలాగే ఉండనివ్వండి, గడువు పోతే పోతుంది. జమ్మలమడుగు వాళ్లకు చెప్పేశాను, నగలు పగటిపూట కొట్టుకు వచ్చి తీసుకోవాలని. ఒక ఇంటివాళ్లు మొహం మాడ్చుకున్నారు. ఇంటికి తెచ్చివ్వడం మా నాన్న కాలం నుంచి మర్యాదట. మిగతావాళ్లు సరేనన్నారు. చెన్నైకి ఇకనుంచి అల్లుడు తోడు వస్తాడు. రైల్లో అతను నిద్రపోతాడు, అయినా మనిషి మనిషే.

మాస్టారూ, ఇంకొక్క మాట. ఇదంతా అయ్యాక నాన్నగారి పన్నెండు బోరు బయటికి తీసి గొట్టాల్లోకి చూశాను. లోపల ఎర్రగా ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తుడవలేదు. కొబ్బరినూనె రాయవచ్చా?

పాత క్యాంపు మాస్టారు (అనంతపురం):

వద్దు, చలికాలంలో పేరుకుపోతుంది. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె పనికొస్తుంది. ముందు తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని చూసుకోండి, చూశాక ఇంకోసారి చూడండి. కడ్డీకి మెత్తటి పాత ధోవతి గుడ్డ చుట్టి, గుండు పెట్టే వైపు నుంచి తోయండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చుతూ ఉండండి. తర్వాత కూడా గొట్టాల్లో గుంటలు కనిపిస్తే పేల్చకండి, డీలరుకు చూపించండి. మనవడిని ఆ పూట అమ్మమ్మ దగ్గర ఉంచండి.