స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో బిజినెస్ డిగ్రీ: చేయించాలా, వద్దా?

తెనాలి అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ అయిపోయింది. జిల్లా స్థాయి దాకా వాలీబాల్ ఆడింది. ఇప్పుడు ఆడటం కన్నా ఆటను నడిపించే వ్యవహారం మీద పడింది మనసు. మెల్‌బోర్న్‌లో మూడేళ్ళ బ్యాచిలర్ ఆఫ్ బిజినెస్, అందులో స్పోర్ట్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్ చేస్తానంటోంది. మా వారు "ఆటలు ఆడించడానికి కూడా డిగ్రీయా" అని ఒకటే నస. మా బావగారేమో హైదరాబాద్‌లో మామూలు బీబీఏ చేయించి, ఎంబీఏ సంగతి తర్వాత చూద్దామంటారు. విదేశం అంటే పొలం తాకట్టు పెట్టాల్సిందే. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు ఉంటే చెప్పండి. కన్సల్టెన్సీ వాళ్ళు మాత్రం దయచేసి మెసేజ్ పెట్టకండి.

ఉప్పల్ గేట్:
మేడమ్, నా మాట సూటిగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. చేయించకండి. నేను మ్యాచ్‌లకు, లీగ్‌లకు మనుషుల్నీ సామాన్నీ సప్లై చేసే వెండర్‌ని. బయటివాళ్ళు ఈ పని అనగానే కోహ్లీ పక్కన నిలబడటం అనుకుంటారు. మ్యాచ్ రోజు పొద్దున పాస్‌లిచ్చే అక్రిడిటేషన్ కౌంటర్ దగ్గరికి రండి, చూపిస్తాను. టీవీ వాళ్ళకో రంగు ట్యాగు, క్యాటరింగ్‌కో రంగు, గ్రౌండ్ స్టాఫ్‌కో రంగు. ఆధార్‌లో ఒక పేరు, లిస్టులో ఇంకో పేరు ఉన్న కుర్రాడు ఒకడు గేటు దగ్గర ఏడుపు మొహంతో నిలబడి ఉంటాడు. పాస్‌ల కోసం పెద్దవాళ్ళ ఫోన్లు ఆగవు. లోపల స్పాన్సర్ తాలూకు మనిషి బౌండరీ దగ్గర ఎల్‌ఈడీ బోర్డును ఫోన్‌లో రికార్డు చేస్తూ, తమ పేరు ఎన్ని సెకన్లు కనపడిందో లెక్క కడుతుంటాడు. నాలుగు సెకన్లు తగ్గితే మర్నాడు మెయిల్, ఆపైన బిల్లులో కోత.

ఈ పనులన్నీ నా దగ్గర బీకాం కుర్రాళ్ళు, డిగ్రీ పూర్తి కానివాళ్ళు కూడా చేస్తున్నారు. సీజన్ ఉన్నన్నాళ్ళే పని. ఒక ఏజెన్సీ అయితే సీజన్ అయిపోయాక కూడా మా డబ్బు నెలల తరబడి ఆపేసింది. ఇందుకు పొలం తాకట్టు పెడతారా?

పాత బ్యాంకు గుమస్తా:
తాకట్టు మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఫీజు అప్పు ఒక్కటే లెక్క వేసుకోకండి. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా దరఖాస్తు ఫీజే 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, వీసా రాకపోయినా ఆ డబ్బు రాదు. దానిపైన ఇన్సూరెన్స్, బతకడానికి డబ్బుందని చూపించే నిధులు. చదువుతున్నంత కాలం అప్పు తాలూకు అసలు సొమ్ము కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం ఆగదు. బ్యాంకులో ఈ గడువును "మొరటోరియం" అంటారు, ఆ మాట అనగానే తల్లిదండ్రుల మొహాలు విచ్చుకునేవి, వడ్డీ కాగితం చూపించగానే ముడుచుకునేవి.

యర్రా తీరం:
నేను మెల్‌బోర్న్‌లో ఇదే డిగ్రీ చదువుతున్నాను. ఉప్పల్ గేట్ అన్న చెప్పింది నిజమే, కానీ ఆయన చెప్పింది గేటు దగ్గర పని. డిగ్రీ గేటు గురించి కాదు.

ముందు సిలబస్ సంగతి చెప్తానక్కా. డీకిన్, లా ట్రోబ్ లాంటి చోట్ల ఈ డిగ్రీ బిజినెస్ స్కూల్ కింద ఉంటుంది, పీఈటీ సార్ల కాలేజీ కింద కాదు. అకౌంటింగ్, ఎకనామిక్స్, మార్కెటింగ్, బిజినెస్ లా... మొదటి ఏడాది చాలా మటుకు అందరితో పాటే. ఆ తర్వాత స్పాన్సర్‌షిప్, ప్రసార హక్కులు, స్టేడియం నిర్వహణ, క్రీడా చట్టం. చివర్లో ఏదైనా సంస్థలో ప్రాక్టికల్. నా క్లాస్‌మేట్స్‌లో సగం మంది ఆటగాళ్ళు కారు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలియనివాడు కూడా బ్యాలెన్స్ షీట్ బాగా చదివితే నెట్టుకొస్తాడు.

ఇక్కడ దీనికి విలువ ఎందుకంటే, ఊరు ఊరంతా ఆటల మీద బతుకుతుంది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్, డిసెంబర్‌లో బాక్సింగ్ డే క్రికెట్ టెస్ట్, ఫుట్టీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) సీజన్. 2032లో బ్రిస్బేన్‌లో ఒలింపిక్స్. చదువు నడిచేటప్పుడు పదిహేను రోజులకు 48 గంటలు పని చేసుకోవచ్చు, అదేదో రెస్టారెంట్‌లో కాకుండా స్టేడియంలోనే చేస్తే రెజ్యూమె కూడా తయారవుతుంది.

కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పని సంగతి కూడా ఉంది. ఇక్కడ ఉద్యోగాల్లో పెద్ద భాగం పెద్ద క్లబ్బుల్లో ఉండదు. స్థానిక కౌన్సిళ్ళ ఈత కొలనులు, ఇండోర్ సెంటర్లు, పిల్లల లీగ్‌లు, వీటిని నడిపే ఉద్యోగాలే ఎక్కువ. పెద్ద క్లబ్బులకు ఇక్కడే పుట్టి, చిన్నప్పట్నుంచి వాలంటీర్‌గా తిరిగినవాళ్ళు క్యూలో ఉంటారు. ఇంకోటి, 2026 కామన్వెల్త్ గేమ్స్ మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోనే జరగాల్సింది. ఖర్చు పెరిగిపోయిందని 2023 జులైలో ప్రభుత్వం చేతులెత్తేసింది, గ్లాస్గోకి పోయాయి. ఆ గేమ్స్‌ను నమ్ముకుని ప్లాన్లు వేసుకున్న నా సీనియర్లు ఉన్నారు.

చాయ్ బిస్కట్:
అంటే పొలం పెట్టి స్విమ్మింగ్ పూల్ మేనేజర్ అవ్వాలన్నమాట 😀

యర్రా తీరం:
బ్రదర్, పూల్ మేనేజర్‌కి నెల జీతం టైముకి పడుతుంది. పైన ఏజెన్సీ కథ చదివావుగా.

డక్కన్ జ్ఞాపకాలు:
ఇండియాకే తిరిగొచ్చి చేస్తానంటే మాత్రం మన ఊరి చరిత్ర ఒకసారి గుర్తు తెచ్చుకోండి. డక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో క్రికెట్ బోర్డు జట్టునే రద్దు చేసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ లీగ్ చాంపియన్. తర్వాత జీతాల గోల, చివరికి 2025లో జట్టు ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టారు, ప్రభుత్వం మారింది, మరుసటి ఏడాది రేసు లేదు. ఇవన్నీ నిర్వహణ తెలియక పోయినవి కావు. యజమాని అప్పులు, రాజకీయాలు. దీనికి ఏ యూనివర్సిటీలో ఏ సబ్జెక్టు చదివితే లాభం? మేనేజర్ ఎంత చదివినా, పైన సంతకం పెట్టేవాడు వేరే ఉంటాడు.

ఐపీఎల్ చూసి ఈ రంగం మొత్తం అలాగే ఉంటుందనుకుంటారు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. మ్యాచ్‌కు వంద కోట్ల పైమాటే. వాలీబాల్ లీగ్ బడ్జెట్ ఆ ఒక్క మ్యాచ్‌తో పోల్చి చూడండి. ఈ దేశంలో ఒక ఆట మేడ మీద ఉంది, మిగతావన్నీ పాకలో ఉన్నాయి.

ఫెడరేషన్ ఫైలు:
డక్కన్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణలే మీ వాదనకు అడ్డం వస్తున్నాయి. జీతాలు ఆగాయంటే కాంట్రాక్టు సరిగా రాయలేదని. రేసు ఆగిపోయిందంటే డబ్బు ఎవరు ఎప్పుడు కట్టాలన్న దగ్గరే తేడా వచ్చిందని. ఇవి చదువుకోదగ్గ సంగతులే. సంతకం పెట్టేవాడు వేరే ఉంటాడు, నిజమే. ఏ పేరాలో సంతకం పెడితే మునుగుతాడో చెప్పేవాడు ఉండాలి కదా.

నేను ఒక రాష్ట్ర స్థాయి క్రీడా సంఘానికి ఆడిట్ చూస్తాను, పేరు అడక్కండి. ఓచర్లు చిత్తు కాగితాల మీద ఉంటాయి. టోర్నమెంట్‌కు వచ్చిన ప్లేయర్ల బస ఖర్చు "భోజనాలు వగైరా" అని ఒకే లైన్‌లో రాసేస్తారు. 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలనా చట్టం వచ్చింది. నేషనల్ స్పోర్ట్స్ బోర్డు, వివాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్. సంఘాలు ఇక లెక్కా పత్రం చూపించక తప్పదు. 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కూడా కావాలని అడుగుతున్నాం. మనుషులు కావాలి.

అయితే అందుకు మెల్‌బోర్న్ పోనక్కర్లేదు. కోల్‌కతాలో ఐఐఎస్‌డబ్ల్యూబీఎం అనే మేనేజ్‌మెంట్ సంస్థలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు ఉంది, పుణెలో సింబయాసిస్‌లో ఎంబీఏ ఉంది, పనిచేస్తున్నవాళ్ళకు ఐఐఎం రోహ్‌తక్‌లో ఎగ్జిక్యూటివ్ డిప్లొమా ఉంది. ఇవన్నీ డిగ్రీ తర్వాత చేసేవి. అది గమనించండి. అసలు ఈ చదువు పుట్టింది కూడా అలాగే. 1957లో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఒమాలీ, ఆటలు నడిపేవాళ్ళను ఎక్కడ తయారు చేస్తారని జేమ్స్ మేసన్ అనే ప్రొఫెసర్‌ను అడిగాడు. దాని ఫలితంగా 1966లో ఒహాయో యూనివర్సిటీలో కోర్సు మొదలైంది, అది మాస్టర్స్. ముందు వ్యాపారం నేర్చుకో, తర్వాత ఆట వ్యాపారం.

యర్రా తీరం:
1966 నాటి కారణం ఇప్పటికీ వర్తించాలని ఏముందండీ? పద్దెనిమిదేళ్ళ పిల్ల మూడేళ్ళు స్టేడియంలో తిరిగితే, ఇరవై మూడేళ్ళకు ఎంబీఏతో వచ్చినవాడికన్నా ముందుంటుంది.

చాయ్ బిస్కట్:
ఇరవై మూడేళ్ళవాడికి నెత్తిన అప్పు ఉండదు.

తెనాలి అమ్మ:
ఇవన్నీ మా అమ్మాయికి చూపించాను. తనే రాస్తానంటోంది.

తెనాలి అమ్మ ఐడీ నుంచి (నేను కూతుర్ని):
నమస్తే అంకుల్, అన్నయ్యలూ. కోహ్లీ పక్కన నిలబడాలని లేదు నాకు. మా జిల్లా టోర్నమెంట్‌లో అమ్మాయిల మ్యాచ్ ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం పెట్టేవాళ్ళు, సాయంత్రం లైట్లు, జనం అబ్బాయిల ఫైనల్‌కు. మేము బట్టలు మార్చుకోవడానికి స్టోర్ రూమ్, గడియ ఉండదు, ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. డబ్బులు లేవనేవాళ్ళు. ఫ్లెక్సీల మీద మాత్రం ఆరుగురు నాయకుల ఫొటోలు. ఆ షెడ్యూల్ రాసే కుర్చీలో కూర్చోవాలని నాకు ఉంది. 2022లో ప్రైమ్ వాలీబాల్ అనే మగవాళ్ళ లీగ్ మొదటి సీజన్ గచ్చిబౌలిలో జరిగింది, అమ్మాయిలకు అలాంటిది లేదు. ఎందుకు లేదో ఎవరినడిగినా స్పాన్సర్ రాడంటారు. స్పాన్సర్‌ని ఎలా తేవాలో నేర్చుకోవడమే కదా ఈ చదువు?

ఉప్పల్ గేట్:
తల్లీ, ఇప్పుడు మాట్లాడావు. నువ్వు చెప్పిన పని పేరు సేల్స్. ఈ రంగంలో నిజంగా డబ్బున్న కుర్చీ అదొక్కటే, ఆపరేషన్స్ కాదు. కాకపోతే స్పాన్సర్లు గాలివాటం మనుషులు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం రాగానే ఇండియా టీమ్ స్పాన్సర్‌గా ఉన్న డ్రీమ్ ఎలెవన్ తప్పుకుంది, మరుసటి నెల ఆసియా కప్‌లో ఇండియా టీమ్ చొక్కా మీద స్పాన్సర్ పేరే లేదు. ఇండియా టీమ్‌కే! అదే సెప్టెంబర్‌లో ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం చేశారు. వెయ్యి రూపాయల టికెట్ 1,280 నుంచి 1,400 అయింది. పన్నులు, చట్టాలు, కాంట్రాక్టు. ఇవి తెలియాలంటే కామర్స్ గట్టిగా ఉండాలి. స్పోర్ట్స్ అని పేరున్న సర్టిఫికెట్‌ను నేను ఇంతవరకూ ఎవరినీ అడగలేదు, నా కస్టమర్లూ అడగలేదు. "పోయిన సీజన్ ఎవరి దగ్గర చేశావు" అనే అడుగుతారు.

హైదరాబాద్‌లో బీబీఏనో బీకామో చేరు. గచ్చిబౌలిలో, ఉప్పల్‌లో ఏ లీగ్ వచ్చినా మాకు మనుషులు కావాలి, చదువుకుంటూ రావచ్చు. ప్రో కబడ్డీ 12వ సీజన్ 2025 ఆగస్టులో వైజాగ్‌లో మొదలైంది, అక్కడ కూడా కాలేజీ పిల్లలు పని చేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా తోడుండాలి, రాత్రి పన్నెండు దాటుతుంది.

ఫెడరేషన్ ఫైలు:
ఇంకోటమ్మా. మీ జిల్లా సంఘం ఖాతా పుస్తకం చూపించమని ఒక్కసారి అడుగు. అబ్బాయిల ఫైనల్‌కు లైట్ల ఖర్చెంత, మీ మ్యాచ్‌కు ఎంత అని. చూపించరు, కానీ ఎలా తప్పించుకుంటారో చూడు. నీకు ఈ రంగం సరిపడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

తెనాలి అమ్మ:
మా వారు ఇదంతా చదివి "ఈ వెండర్ అంకుల్ ఎవరో మంచివాడు" అన్నారు. హైదరాబాద్ బీబీఏకు ఫీజు కడుతున్నాం. మాస్టర్స్‌కు మెల్‌బోర్న్ అన్న షరతు మీద అమ్మాయి ఒప్పుకుంది. అన్నం మాత్రం ఇంకా విడిగా తింటోంది.

యర్రా తీరం:
అక్కా, మీ నిర్ణయం మీది. నేను మాత్రం ఒప్పుకోను. ఆ బీబీఏలో ఇంటర్న్‌షిప్ అంటే చాలాచోట్ల సంతకం పెట్టిన కాగితం, అంతే. ఆ కాలేజీ పోయిన ఏడాది ఏ పిల్లల్ని ఎక్కడికి పంపిందో పేర్లతో సహా అడిగి, అప్పుడు కట్టండి. మాస్టర్స్ టైముకి వీసా రూల్స్ ఇలాగే ఉంటాయన్న గ్యారంటీ కూడా లేదు.

పాత బ్యాంకు గుమస్తా:
వడ్డీ రేటు కూడా ఇలాగే ఉంటుందని గ్యారంటీ లేదు బాబూ.