మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ పనిచేసేది మూత్రాశయం కండరం మీదేనా, నరం కొస మీద కూడానా?

పాఠాలబల్ల: ఫార్మకాలజీ చెప్తాను. నరం అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతుంది, కండరం మీది ఎం3 అనే రిసెప్టర్ (గ్రాహకం) అందుకుంటుంది, మూత్రాశయం ముడుచుకుంటుంది, మందు ఆ ఎం3ని మూస్తుంది. క్లాసులో ఇంతే చెప్పి వదిలేస్తున్నాం. నరం కొస మీదా రిసెప్టర్లున్నాయి కదా! ఎలుక మూత్రాశయంలో నరం ఎడతెగకుండా కొడుతుంటే అక్కడి ఎం1 రిసెప్టర్ ఆ రసాయనం విడుదలను ఇంకా పెంచుతుంది. ఎం2, ఎం4 తగ్గిస్తాయి. ఇది చెప్పొద్దా?

క్లినిక్‌గది: ఎలుకది ఎలుకకే. దాని మూత్రాశయం ఈ రిసెప్టర్లన్నిటినీ మూసే అట్రోపిన్ ఇచ్చినా ఏటీపీ అనే మరో రసాయనంతో చాలావరకు ముడుచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దాదాపు అంతా అసిటైల్‌కోలినే. ఎం2లు ఎక్కువున్నా ముడిచేది ప్రధానంగా ఎం3.

పాఠాలబల్ల: ఆరోగ్యంగా ఉన్నవాడికి మందెందుకండీ? వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకల్లో నరం కొస మీద ఎం1 చేసే పని ఎం3 చేతికి పోయింది. జబ్బుతో అమరికే మారుతోంది. విడుదల లెక్కలోకి రాదంటే బొటాక్స్ ఎందుకు ఇస్తున్నారు? అది విడుదలకు కావాల్సిన స్నాప్-25 అనే ప్రొటీన్ను కోసి విడుదలనే ఆపుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ నరాల జబ్బు మూత్రాశయానికి 2011లో, మామూలు ఓఏబీకి (అతిగా స్పందించే మూత్రాశయానికి) 2013లో ఒప్పుకుంది.

క్లినిక్‌గది: బొటాక్స్ పనిచేస్తే ఆక్సీబ్యుటినిన్ కూడా అక్కడే పనిచేసినట్టా? ఎం1 దగ్గరే తిరుగుతున్నారు.

వానచినుకు: మా అమ్మకు 74. ఈ మందు మొదలెట్టాక నోరెండిపోయింది, తర్వాత రాత్రిపూట లేచి నన్ను “అక్కా” అని పిలిచేది. “మూత్రాశయానికే పనిచేస్తుంది” అన్నారు మా డాక్టరు.

క్లినిక్‌గది: అది మెదడులోకి వెళ్లిన మందు వల్ల. ఈ చర్చకు సంబంధం లేదు.

వానచినుకు: సంబంధం లేదా? రెండు నెలలు అమ్మకు మతిమరుపు జబ్బనుకుని ఏడ్చాను సార్!

పాఠాలబల్ల: మెదడులో మూసేదీ ఆ ఎం1నే. “కండరం మందు” అని నేర్పితే అడగాల్సిన ప్రశ్న ఎవరికి తోస్తుంది?

క్లినిక్‌గది: ఇవన్నీ చెప్తే భయపడి మందు మానేస్తారు. రాత్రికి ఆరుసార్లు లేచి, బాత్రూంలో జారి, తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లను చూస్తున్నాను. నా భయం అదీ.

వానచినుకు: నేను మాన్పించేదాన్ని కాదు. “తికమక పడితే ఫోన్ చెయ్యండి” అంటే మొదటి రాత్రే చేసేదాన్ని.

క్లినిక్‌గది: ...అది చెప్పాల్సిందేనమ్మా. ఇప్పుడేం వాడుతున్నారు? ఈ రిసెప్టర్ల జోలికి పోని మిరాబెగ్రానా? బీపీ చూస్తున్నారా?

వానచినుకు: అదే. రోజూ పొద్దున్నే చూస్తున్నా.