కొలిమి పక్కనే బావి ఎందుకు తవ్వుకున్నారు?

బుడితి మనవరాలు, పెరంబూర్:
మా తాతగారిది శ్రీకాకుళం జిల్లా బుడితి. జీవితమంతా ఇత్తడి పోతపనే. కొలిమి దగ్గరికి చెంబుతో నీళ్లు తెచ్చినా కసిరేవారు. అచ్చులో తడి ఉంటే, కరిగిన లోహం పోయగానే ఆవిరి తన్ని మీదికి చిమ్ముతుంది. ఆయన ఎడమ చేతి మీద ఆ మచ్చలు చూస్తూ పెరిగాను.

మొన్న ఆదివారం ఎగ్మోర్ మ్యూజియంలో కంచు విగ్రహాలు చూసొచ్చి, ఈ పని ఎంత పాతదో చదువుతూ సింతాష్టా దగ్గర ఆగిపోయాను. ఉరల్ పర్వతాలకు దక్షిణాన, గడ్డి మైదానాల్లో, సుమారు క్రీ.పూ. 2100-1800 నాటి ఊళ్లు. చుట్టూ గోడ, లోపల ఇంటింటా రాగి పని. చాలా ఇళ్లలో కొలిమిని ఆనుకుని బావి ఉందట! మా తాత వింటే ససేమిరా ఒప్పుకోరు. ఎందుకలా కట్టారు?

వేళచేరి వాసి:
చల్లార్చడానికి నీళ్లు దగ్గరుండాలి కదండీ.

బుడితి మనవరాలు:
దానికి తొట్టి చాలండీ. ఇంట్లో బావి తవ్వడమంటే మాటలా?

అంబత్తూర్ ఫౌండ్రీ:
నీళ్ల సంగతి అటుంచి గాలి వైపు చూడమ్మా. బావిలో గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. కొలిమిలో వేడిగాలి పైకి లేచే కొద్దీ, రెండింటినీ కలిపే సన్నటి దారిలోంచి ఆ చల్లగాలిని లాక్కుంటుంది. పరిశోధకులు చెప్పే కారణాల్లో ఇదొకటి. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి, గాలి అందకపోతే బొగ్గు అంత వేడి ఇవ్వదు. తాతగారి మాటా నిజమే, కాకపోతే ఆయన భయం అచ్చులో తడి గురించి. అచ్చును బాగా కాల్చుకుంటే పక్కన బావి ఉన్నా ముప్పు లేదు.

నన్ను కలవరపెట్టేది ఆర్సెనిక్. వాళ్ల కంచులో ఎక్కువగా తగరానికి బదులు అదే ఉండేది. రాగిని గట్టిపరుస్తుంది, కానీ కాగినప్పుడు వెల్లుల్లి వాసనతో విషపు పొగ లేస్తుంది. అదీ కాపురమున్న ఇంట్లో, పిల్లల మధ్య.

బుడితి మనవరాలు:
ఇది చదివి చాలాసేపు ఏమీ తోచలేదండీ. పోత పోసిన రాత్రి తాతకు చలిజ్వరం వచ్చేది, నాయనమ్మ రెండు దుప్పట్లు కప్పేది. ఇత్తడిలోని జింక్ పొగ వల్లనని ఎన్నో ఏళ్లకు తెలిసింది. ఆయన కొలిమికి గాలి ఊదిన తోలు తిత్తి ఇప్పటికీ మా అటక మీదే ఉంది. సింతాష్టా వాళ్ల తిత్తులేమైనా దొరికాయా?

అంబత్తూర్ ఫౌండ్రీ:
తోలు అన్నేళ్లు నిలవదమ్మా. తిత్తికి తగిలించే మట్టి గొట్టాలు దొరికాయి. కొన్ని సమాధుల్లో ఉన్నాయి, పోయినవాళ్ల పక్కనే.