తాళం తీసినా కారు స్టీరియో బ్యాటరీని లాగేస్తోంది, ఏం చేయాలి?

మాది విజయవాడ, పటమట. పోయిన నెల ఆటోనగర్‌లో ఒక షాపులో పాత కారుకి కొత్త స్టీరియో పెట్టించాను. పాటలు బాగానే వస్తున్నాయి, కానీ మూడు రోజులు బండి తీయకపోతే నాలుగో రోజు సెల్ఫ్ తిరగదు. పక్కింటాయన చేత రెండుసార్లు తోయించుకున్నాను, మళ్లీ అడగాలంటే మొహమాటం.

మల్టీమీటర్ పెడితే, తాళం తీశాక కూడా 300 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. 50 లోపు ఉండాలి కదా! రోజుకి 7 ఆంపియర్ అవర్లు పోతున్నట్టే, నా బ్యాటరీయే 35. స్టీరియో ఫ్యూజ్ పీకితే 20కి దిగింది. విప్పి చూస్తే స్టీరియో మెమరీ కోసం ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరునీ, తాళంతో ఆన్ అవ్వాల్సిన ఎర్ర వైరునీ కలిపి టేపు చుట్టేశారు!

ఎర్రదాన్ని విడదీసి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట కలిపితే సరిపోతుందా? దానికి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్ వేయాలి? ఇలాంటిది సొంతంగా చేసుకున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.