అప్‌డేట్: రైస్ మిల్లుల సాఫ్ట్‌వేర్‌కి డెడికేటెడ్ హోస్టే తీసుకున్నాం
మిర్యాలగూడ మిల్లుల లెక్కల సాఫ్ట్‌వేర్‌కి క్లౌడ్‌లో మామూలు సర్వర్ చాలా, డెడికేటెడ్ హోస్ట్ (మొత్తం ఫిజికల్ మెషీన్ మనకే అద్దెకి) కావాలా అని ఇంతకుముందు అడిగాను కదా. చివరికి ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్), 2022లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో), హోస్టే తీసుకున్నాం.

తేల్చింది లైసెన్సే. మా పాత డేటాబేస్ లైసెన్స్ మెషీన్ ప్రాసెసర్‌లోని ఫిజికల్ కోర్ల లెక్కన ఉంది. డెడికేటెడ్ ఇన్‌స్టాన్స్ అని ఇంకో రకం క్లౌడ్ సర్వర్ ఉంది. అందులోనూ మెషీన్‌ని వేరే కస్టమర్లతో పంచుకోం, కానీ ప్రాసెసర్ సాకెట్లు, కోర్లు కనబడవు. ఆడిట్‌కి ఏం చూపిస్తాం? హోస్ట్‌లో కనబడతాయి. ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా అదే మెషీన్ మీదికి వచ్చేలా పెట్టుకోవచ్చు.

బిల్లు మాత్రం మొత్తం మెషీన్‌కి. లోపల ఒక్క సర్వర్ నడవకపోయినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అన్‌సీజన్‌లో సర్వర్లు ఆపితే డబ్బు మిగులుతుందని నాకు సలహా ఇచ్చిన అన్నా, ఇక్కడ అది చాలదు, హోస్ట్‌నే వదిలేయాలి. అందుకే టెస్టింగ్ సర్వర్లు కూడా అందులోకే ఎక్కించాం. హోస్ట్ రికవరీ (మెషీన్ చెడిపోతే సర్వర్లని వేరే హోస్ట్ మీద తిరిగి స్టార్ట్ చేసేది) కూడా ఆన్ చేశాం. కోతల టైంలో మెషీన్ చెడిపోతే మిల్లు ఓనర్ల ఫోన్ల టెన్షన్ నావల్ల కాదు.