ఎక్కుపెట్టేది విల్లునా, బాణాన్నా?

చిత్తూరు నుంచి ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మా బావ అమెరికాలో ఉంటాడు. మూలన పడ్డ పాత కాంపౌండ్ విల్లు (కొనల దగ్గరి చక్రాల మీదుగా కేబుళ్లు తిరిగే రకం) ఒకటి కొని, దాని చక్రాలూ కేబుళ్లూ పీకేసి, మిగిలిన రైజర్‌కు, అంటే నడుమ చేత్తో పట్టుకునే భాగానికి, కొనలు ఎదురువంపు తిరిగిన రికర్వ్ బద్దలు పైనా కిందా బిగించి వేటవిల్లు చేసుకున్నాడు. ఆ ముచ్చట రాస్తూ ‘చివరికి విల్లు ఎక్కుపెట్టి చూశాడు’ అన్నాను. మా ఇంట్లోవాళ్లేమో ‘ఎక్కుపెట్టేది బాణాన్ని కదా, బాణమే లేకుండా ఏం ఎక్కుపెట్టాడు?’ అంటున్నారు. ఏది సరి? రైజర్‌కు తెలుగు మాట ఉంటే అదీ చెప్పండి.

తిరుపతి నుంచి జవాబు:
మీరు రాసిందే సరి తమ్ముడూ. ఎక్కుపెట్టడమంటే మొదట్లో విల్లుకు నారి తగిలించడమే. నారి ఒక కొస కింది కొనకు ఉండగా, విల్లును వంచి రెండో కొసను పై కొనకు ఎక్కిస్తారు. పనయ్యాక ఎక్కు దించేస్తారు. కొయ్య విల్లును అలాగే వదిలేస్తే బద్ద వంపు తిరిగిపోయి బిగువు చస్తుంది. బాణాన్ని నారికి పెట్టడానికి తొడగడం, సంధించడం అని వేరే మాటలున్నాయి. ఈ పనులన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగేవి కాబట్టి వాడుకలో కలిసిపోయాయి. పేపర్లో ‘తుపాకీ ఎక్కుపెట్టాడు’ అని చదువుతూనే ఉన్నాం. అదీ తప్పనను, మాట ముందుకు నడిచింది అంతే. కానీ పాత అర్థంలో రాసినవాణ్ణి తప్పుపట్టడం మాత్రం అన్యాయం.

శివధనుస్సు దగ్గర పెట్టిన పరీక్ష గురి చూసి కొట్టడం కాదు, నారి ఎక్కించడం. వాల్మీకి రాముడు నారి ఎక్కించి లాగితే విల్లు ‘ధనుర్మధ్యే’, అంటే నట్టనడుమ విరిగింది. ఆ చోటుకు అమరకోశంలో పేరుంది: ‘లస్తకస్తు ధనుర్మధ్యం’. మీ బావ అట్టిపెట్టుకున్న రైజర్ ఉండేదీ అక్కడే. అయితే లస్తకం అని రాస్తే చదివేవాళ్లు నిఘంటువు వెతుక్కోవాలి. వింటిపిడి అనండి, సరిపోతుంది. బోల్టుల సంగతి రాసేచోట రైజర్ అనే ఉంచండి.

ఇంకో సంగతి. కాంపౌండ్ విల్లును వాడేవాడు రోజూ ఎక్కుపెట్టడు, దించడు. అది ఎప్పుడూ ఎక్కు మీదే ఉంటుంది. నారి మార్చాలంటే చాలా విళ్లను ప్రెస్ అనే బిగింపు యంత్రంలో పెట్టి బద్దలను నొక్కాలి. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలిస్ ఆలెన్‌కు కాంపౌండ్ విల్లు మీద 1969లో పేటెంట్ వచ్చింది. ఆ విల్లుతో ఎక్కుపెట్టే పనే పోయింది. మీ బావ చక్రాలు పీకగానే మళ్లీ వచ్చింది. మీ వాక్యంలో ఆ క్రియ పడాల్సిన చోటే పడింది.

శ్రీకాళహస్తి నుంచి:
అన్నా, చక్రాలుంటే నారి లాగి పట్టుకున్నప్పుడు చేతి మీది బరువు తగ్గుతుందంటారు గదా, పీకడమెందుకు? మా కన్నప్పకైతే చక్రాల్లేవనుకోండి.

తిరుపతి నుంచి:
తగ్గుతుంది. లాగడానికి 50 పౌండ్ల బలం కావాల్సిన కాంపౌండ్‌కు 80 శాతం తగ్గింపు ఉంటే, పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతి మీద ఉండేది 10 పౌండ్లే. రికర్వ్‌లో ఆ 50 పౌండ్లూ మోయాల్సిందే. ఆ మోతే కావాలనుకునేవాళ్లు ఈ పని చేస్తారు. పైగా పాత విల్లులో ముందు పాడయ్యేది బద్దలూ కేబుళ్లూ. లోహపు పిడి గట్టిగానే ఉంటుంది. బాణం విల్లు నడిమిగీతలోనే కూర్చునేలా దానికి లోతుగా కోత కూడా ఉంటుంది.

చిత్తూరు నుంచి:
బావ విల్లుకు నారి ఒక పక్కకు పోతోందట. దాన్నేమనాలి సార్?

తిరుపతి నుంచి:
ఓరగా పోతోందనండి. మాట సంగతి తర్వాత, ముందు ఆయన్ను లాగొద్దనండి. ఎక్కుపెట్టిన విల్లును వెనకనుంచి చూస్తే నారి పై బద్దనూ కింది బద్దనూ సరిగ్గా సగానికి చీల్చినట్టు కనబడాలి. పిడిలో బద్ద కూర్చునే గాడి వెంట్రుకవాసి వంకరున్నా నారి ఓరకు తప్పుతుంది, బద్ద మెలిపడుతుంది, లాగినప్పుడు నారి ఊడి మొహానికి తగలొచ్చు. గాడి ఏటవాలు కూడా చూసుకోవాలి. అది కాంపౌండ్ బద్దల కోసం పోసింది. రికర్వ్ బద్దకు వాలు కుదరకపోతే కింద చీలిక పెట్టి సరిచేస్తారు. పిడి మెగ్నీషియందైతే ఆకురాయితో జాగ్రత్త, ఆ పొడికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

పుత్తూరు నుంచి:
రికర్వ్‌ను శార్ఙ్గం అంటే ఎలా ఉంటుంది? మన స్వామి విల్లే కదా.

తిరుపతి నుంచి:
అమ్మా, వినడానికి బాగుంది, కానీ ఒప్పుకోలేను. శృంగంతో, అంటే కొమ్ముతో చేసింది శార్ఙ్గం. అది సరుకును చెప్పే పేరు, కొనల ఎదురువంపును కాదు. విలువిద్య పోటీల్లో మన రాష్ట్రంవాళ్లే ధీరజ్ రికర్వ్, జ్యోతి సురేఖ కాంపౌండ్ ఆడుతున్నారు. ఆ రెండు మాటలూ పేపర్ల పుణ్యమా అని ఇళ్లలోకి వచ్చేశాయి, ఉండనిద్దాం. మీరు ఉండేలు చూడండి. మట్టి ఉండను కొట్టే విల్లు కాబట్టి ఉండవిల్లు, ఉండేలు అయింది. ఇప్పుడది పంగలకర్ర, రబ్బరు. విల్లు పోయినా పేరు నిలిచింది.

చిత్తూరు నుంచి:
వేటవిల్లు అని రాయొచ్చా? ఇక్కడ ఎవరైనా అపార్థం చేసుకుంటారేమో.

తిరుపతి నుంచి:
‘అక్కడి వేటవిల్లు’ అని రాయండి. మనకు 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, పక్కనే శేషాచలం ఉంది. చదివి ఉత్సాహపడే కుర్రాళ్లకు గడ్డిమోపు గురి చాలని ఒక ముక్క కలపండి.