మేత పోరంబోకులో ఏళ్ల తరబడి సాగు: బి మెమోలతో హక్కు వస్తుందా?

గోస్తని
విజయనగరం వైపు పాత ఎస్టేటు (జమీందారీ) గ్రామాల్లో ఒకే తగువు పదేపదే వస్తోంది. కొండ దిగువ గరువు రికార్డులో మేత పోరంబోకు, అంటే ఊరి పశువుల మేతకి వదిలిన సర్కారు నేల. నేల మీద మాత్రం రెండు తరాల జీడితోట, అక్కడక్కడా సరుగుడు. సాగు చేసేవాళ్ల దగ్గర శివాయిజమా (అనుమతి లేని సాగుకి సర్కారు వేసే శిస్తు) రసీదులు, ఆ ఆక్రమణ మీద రెవెన్యూవాళ్లు ఇచ్చే బి మెమోలు కట్టలుగా ఉన్నాయి. "ఆస్ట్రేలియాలో సర్కారు పచ్చికబయళ్లు ఆక్రమించిన స్క్వాటర్లకి బ్రిటిషువాళ్లే హక్కులిచ్చారు, మనల్ని ఏలిందీ వాళ్లే కదా" అనే వాదన కూడా వినబడుతోంది. అక్కడ హక్కు ఎలా పుట్టింది? ఇక్కడ బి మెమో విలువెంత? తెలిసినవాళ్లు సెక్షన్లతో సహా చెప్పగలరు.

చంపావతి
మొదటి ప్రశ్నకి నా జవాబు. అక్కడ కూడా ఏళ్ల లెక్కతో హక్కు రాలేదండి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1829లో పంతొమ్మిది కౌంటీలకి హద్దు గీసి, దాని అవతల ఎవరూ స్థిరపడకూడదన్నారు. గొర్రెల మందలు ఆ హద్దు దాటేశాయి. ఆపలేక 1836లో ఏడాదికి 10 పౌన్ల లైసెన్సు పెట్టారు. ఆ సొమ్ముకి ఎంత మేర మేపుకున్నా అడిగేవాళ్లు లేరు. 1844లో గవర్నరు గిప్స్ ఒక్కో స్టేషనుకి (మేత స్థావరానికి) వేరే లైసెన్సు తీసుకోవాలని, 20 చదరపు మైళ్లు మించకూడదని నిబంధన తెచ్చేసరికి, ఉన్ని ఎగుమతి చేతిలో ఉన్న స్క్వాటర్లు లండన్ దాకా గగ్గోలు పెట్టారు. 1846 చట్టం, దాని కింద 1847 రాజాజ్ఞ అలా వచ్చినవే. దూరపు జిల్లాల్లో 14 ఏళ్ల దాకా కౌలు, మధ్య జిల్లాల్లో 8 ఏళ్ల దాకా, స్థిరపడిన జిల్లాల్లో ఏడాదికే. 4,000 గొర్రెలు మేసే బయలుకి ఏటా 10 పౌన్లు, ఆపై ప్రతి వెయ్యికీ రెండున్నర పౌన్లు. కౌలు నడుస్తుండగా కొనుక్కునే మొదటి అవకాశం కూడా వాళ్లదే. హక్కు ఈ కాగితంతో పుట్టింది, ఈ కాగితాన్ని పుట్టించింది వాళ్ల పలుకుబడి.

1861లో రాబర్ట్‌సన్ చట్టాలు చిన్న రైతుకి దారి తెరిచాయి: 40 నుంచి 320 ఎకరాలు, ఎకరా పౌను, నాలుగో వంతు ముందు కట్టాలి, మూడేళ్లు అక్కడే కాపురం ఉండాలి. స్క్వాటర్లేం చేశారంటే, బినామీలను దింపి వాగు ఒడ్లూ నీటిగుంటలూ ఉన్న ముక్కలు మాత్రం ఏరి కొనేశారు. నీళ్లు పోయాక చుట్టూ ఉన్న బయలు ఇంకొకరికి దేనికీ పనికిరాదు. మన దగ్గర చెరువు గర్భంలోకి వెళ్లే దారిని ముందుగా కలుపుకోవడం చూసినవాళ్లకి ఈ ఎత్తు కొత్త కాదు.

ఇంకో సంగతి. ఆ బయళ్లు ఖాళీవి కావు, ఆదివాసులవి. పశువుల మేతకిచ్చిన కౌలు వాళ్ల హక్కుని దానంతట అదే రద్దు చేయదని అక్కడి హైకోర్టు (ఆ దేశంలో అదే అత్యున్నత కోర్టు) 1996లో విక్ కేసులో తేల్చింది. రెండూ ఢీకొన్నచోట కౌలుదే పైచేయి అని కూడా అంది. స్క్వాటర్ల ఉదాహరణ చెప్పేవాళ్లు ఈ సగం వదిలేస్తున్నారు.

నాగావళి ఒడ్డు
గోస్తని గారూ, బి మెమో హక్కు పత్రం కాదు. అది ఆక్రమణ నమోదు.

మద్రాసు భూ ఆక్రమణల చట్టం 1905 (ఆ ఏటి 3వ చట్టం) ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉంది. ప్రైవేటు ఆస్తి కాని భూమి ప్రభుత్వానిదని సెక్షన్ 2. ఆక్రమించినందుకు శిస్తు సెక్షన్ 3 కింద, జరిమానా సెక్షన్ 5 కింద. సెక్షన్ 7 నోటీసు ఇచ్చాక సెక్షన్ 6 కింద ఖాళీ చేయించవచ్చు, పంటని కూడా జప్తు చేయవచ్చు. శివాయిజమా ఏ ఫసలీకి (రెవెన్యూ ఏడాదికి) ఆ ఫసలీ కట్టేది. నలభై ఏళ్లు కట్టినా నలభై ఆక్రమణలకి రసీదులే తప్ప ఒక పట్టాకి వాయిదాలు కావు.

ఎస్టేటు గ్రామమైతే ముందు చూడాల్సింది సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్ఎఫ్ఏ), అంటే సెటిల్‌మెంట్ అప్పుడు ఒక్కో సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన పుస్తకం. 1908 ఎస్టేట్సు లాండ్ చట్టంలో చెరువు గర్భం, కళ్లాలు, మందబయలు, ఊరి ఉమ్మడి అవసరానికి వదిలిన నేల రైతీ భూమి (రైతు సాగుకిచ్చే భూమి) లెక్కలోకి రావు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం సెక్షన్ 3 కింద అవన్నీ ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. "మా తాతకి జమీందారు గారిచ్చారు" అంటే తేదీ అడగండి. 1945 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జమీందారు దింపినవాళ్లకి, ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, సెక్షన్ 11 పట్టా రాదు.

ఎక్కువమంది బోల్తా పడేది అడంగల్ (ఏటా సాగు రాసే గ్రామ లెక్క) దగ్గర. అనుభవదారు కాలమ్‌లో పేరు కనబడగానే హక్కనుకుంటారు. పట్టాదారు కాలమ్‌లో, భూమి స్వభావం దగ్గర ఏముందో చూడరు. రెండోది, బి మెమోల్లో విస్తీర్ణం కంటిచూపుతో వేసినది. ఒక సర్వే నంబరు మీద ఉన్నవన్నీ కూడితే ఒక్కోసారి ఆ నంబరు మొత్తాన్నే దాటిపోతుంది. ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) మీద సబ్ డివిజన్ కాని ముక్కకి హద్దులు రుజువు చేయడం చాలా కష్టం.

కాలపరిమితి సంగతి. ప్రభుత్వం మీద ప్రతికూల స్వాధీనానికి (ఏళ్ల తరబడి అనుభవంతో పరాయి భూమి మీద హక్కు అడగడానికి) పాత 1908 కాలపరిమితి చట్టంలో 60 ఏళ్లు, 1963 చట్టం ఆర్టికల్ 112లో 30 ఏళ్లు. ప్రైవేటు భూమికి చెప్పే 12 ఏళ్లు ఇక్కడ వర్తించవు. పైగా ఏళ్లు గడిస్తే చాలదు, యజమానికి ఎదురుగా నాదే అని బాహాటంగా నిలిచి ఉండాలి. ఏటా శివాయిజమా కడుతూ, పట్టా ఇప్పించమని దరఖాస్తులు పెడుతూ వచ్చినవాళ్లకి ఆ మాట చెప్పడం చిక్కే: ఆ దరఖాస్తే భూమి సర్కారుదని ఒప్పుకున్నట్టు.

వంశధార
నాగావళి గారు చెప్పినదానికి పంచాయతీ కోణం కలపాలి. 1994 పంచాయతీరాజ్ చట్టం సెక్షన్ 58 ప్రకారం, ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత పోరంబోకులు, కళ్లాలు, మందబయళ్లు, శ్మశానాలు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు. అంచేత తహశీల్దారు ఒక్కరు తలచుకుంటే డి పట్టా (భూమిలేని పేదకి సర్కారు భూమి కేటాయించే అసైన్‌మెంట్ పట్టా) వచ్చేయదు. ముందు పంచాయతీని సంప్రదించాలి, ఊళ్లో నోటీసు వేసి అభ్యంతరాలు వినాలి, భూమి వర్గీకరణ మారాలి. ఈ మెట్లు దాటకుండా ఇచ్చిన పట్టా తర్వాత రద్దయ్యేది అందుకే.

2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఎన్నాళ్లుగా ఉన్నారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నది క్రమబద్ధీకరణకి కారణం కాదంది. మినహాయింపు: ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి కౌలు ఇచ్చి ఉంటే, లేదా అక్కడ బడి, ఆసుపత్రి లాంటివి ఇప్పటికే ఉంటే.

ఈ మినహాయింపు నాకు ముఖ్యం అనిపిస్తుంది. జీడితోట వేసినవాళ్లందరూ ఒకటి కాదు. ఎకరంన్నర మీద బతికే కూలీ కుటుంబాన్నీ, ఇరవై ఎకరాలు కంచె వేసి ఊరి మేకల్ని బందెలదొడ్డికి తోలేవాళ్లనీ ఒకే జాబితాలో పెట్టడం అన్యాయం. కూలీ కుటుంబమైతే ఆక్రమణ హక్కు అని వాదించకుండా, భూమిలేని పేదగా అసైన్‌మెంట్‌కి అర్హత చూపాలి. 1954 నాటి జీవో 1142 పద్ధతిలో పరిమితి పల్లం రెండున్నర ఎకరాలు, మెట్ట ఐదెకరాలు. ఆ నేల మేత అవసరానికి మించి ఉందని తేలాలి, లేదా బదులు నేల చూపాలి.

1905 చట్టం సెక్షన్ 7 నోటీసు వస్తే మౌనంగా ఉండొద్దు. గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. టైటిల్ మీద నిజమైన వివాదం, దీర్ఘకాల స్వాధీనం ఉన్నచోట ఈ చట్టం కింద చటుక్కున ఖాళీ చేయించకూడదని, సివిల్ కోర్టుకి వెళ్లాలని 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్త బి మెమోలు చూపిస్తే అది టైటిల్ వివాదం కాదు.

సీతంపేట వైపు కొండ మీద నేల అటవీ శాఖదైతే దారి వేరు: 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి స్వాధీనం. మేపుకునే ఉమ్మడి హక్కు కూడా అందులో అడగవచ్చు.

గోస్తని
ఇద్దరికీ, చంపావతి గారికీ కృతజ్ఞతలు. ఎస్ఎఫ్ఏ నకలు ఎక్కడ అడగాలి?

నాగావళి ఒడ్డు
ముందు తహశీల్దారు కార్యాలయంలో. అక్కడ పుస్తకం చిరిగిపోయిందంటే కలెక్టరేట్ రికార్డు రూంలో ధ్రువీకృత నకలుకి దరఖాస్తు పెట్టండి. గ్రామం పేరు, అప్పట్లో ఏ ఎస్టేటు కింద ఉండేది, ఇప్పటి సర్వే నంబరు, తెలిస్తే పాత పైమాషీ (వెనకటి కొలతల) నంబరు రాయండి. నకలులో రిమార్కుల కాలమ్ తప్పకుండా రావాలని విడిగా రాయండి, మేతకి వదిలినదా కాదా అన్న మాట చాలాచోట్ల అక్కడే ఉంటుంది.